సగం తెలుపు

8 జూన్ 1948, పాపన్నపేట క్యాంపు

ఆఫీసువాళ్ళిచ్చిన లెవెల్ పుస్తకాల్లో ఒకటి మిగిలింది. ఫీల్డు బుక్కులో రాయకూడనివి ఇందులో రాసుకుంటాను. ఎవరికీ చూపేది కాదు.

నిజాంసాగర్ నుంచి పట్నానికి అరవై ఆరు వేల వోల్టుల లైను. కాగితం మీద అది ఒక గీత. నేల మీద వాగులు, మడులు, రాళ్ళు. గీత ఎక్కడ వంగితే అక్కడ బలమైన స్తంభం వేయాలి కాబట్టి వంగకుండా తెమ్మని ఇంజనీరు దామోదర్ రావు గారి హుకుం. మంజీర దాటేచోట ఒక గుట్ట ఉంది. దాని మీద జెండా నిలబెడితే మా మెదక్ పెద్ద చర్చి గుడి శిఖరం నుంచి దుర్బీనులో కనపడాలి. మధ్యలో ఏడు మైళ్ళు. అటు గుడి, ఇటు గుట్ట కుదిరితే మిగతా కొలతలన్నీ వాటికి ముడివేయవచ్చు.

సర్వే జెండా సగం ఎరుపు, సగం తెలుపు ఉండాలని రూలు. తెల్ల గుడ్డ కంట్రోలు దుకాణంలో దొరకలేదు. ఎర్ర గుడ్డ దొరికింది. రెండు జెండాలు పూర్తిగా ఎర్రగానే కుట్టించాను. గుట్ట వెనక ఉన్నది ఆకాశమే కనుక ఎరుపు చాలు. ఇంత చిన్న సంగతి ఇంజనీరు గారికి రాయలేదు.

9 జూన్

జెండా నిలబెట్టాను. గుట్ట కింద వీరయ్య అనే కురుమాయన మంద ఉంది, రెండెకరాల చెలక ఉంది. కాపలాకు అతన్ని మాట్లాడాను.

మా నాయన ఈ ఊరి వెలివాడ నుంచే మిషన్‌కు పోయి కిరస్తానీ అయ్యాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. నేను థియోడలైటు దుర్బీను పెట్టె పట్టించుకొని వచ్చినా కొందరు "ఎవల కొడుకువురా నువ్వు" అనే అడిగారు. వీరయ్య ఒక్కడే మొదటి నుంచీ సారు అన్నాడు. గుట్ట ఎక్కాక తన చెంబుతోనే నీళ్ళిచ్చాడు. చెంబు ఎత్తి పోస్తాడేమోనని దోసిలి పట్టాను.

"దోసిలెందుకు సారు, చెంబు వట్టుండ్రి. గంత పెద్ద దుర్బీను మోసేటోళ్ళకు చెంబు బరువా?" అన్నాడు.

జెండా చూసి మాత్రం తల గోక్కున్నాడు.

"ఎర్రగున్నది సారు. కమ్యునిస్టు సంఘపోళ్ళదంటరేమో."

"కింద సర్కారు రాయి పాతాం గదా. నేనున్నాను గదా."

"మీరున్నరంటే ఐతది" అన్నాడు.

కర్రకు బండారి పసుపు పూసి, రెండు వేపమండలు కట్టాడు. ఇక ఎవడూ ముట్టడని చెప్పాడు. వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉందట. బండారి పెట్టి నిలిపినదాన్ని నిలిపినవాళ్ళే దించాలి. ఇంకొకడు దించితే ఆ ఇంటికి మంచిది కాదు.

"నేను కావలి ఉంట. నిలిపింది మీరు. దించేటప్పుడు మీరే రావాలె."

వస్తానన్నాను. వానకు చిరిగితే కట్టమని రెండో జెండా కూడా ఇచ్చాను. జెండా జానెడు జరిగినా నెల రోజుల పని పోతుందని గట్టిగా చెప్పాను.

12 జూన్

గుట్టకు ఊళ్ళో పేరు లేదు, అందరూ ఉత్త గుట్ట అనే అంటారు. మ్యాపులో సర్వే స్టేషనుకు పేరు ఉండాలి. 'వీరయ్య గుట్ట' అని రాశాను. చెబితే నవ్వాడు.

"తుడుపుండ్రి సారు. గుట్ట నాదని రాస్తే పట్వారి దానికి గూడ శిస్తు అడుగుతడు."

అతని భార్య బాలనర్సమ్మ జొన్న రొట్టెలు పంపింది.

3 జూలై, మెదక్

క్యాంపు ఎత్తేశారు. నదికి అటు గొడవలు ఎక్కువయ్యాయని ఉత్తర్వు వచ్చింది. లారీ వచ్చి గంట టైము ఇచ్చింది. గొలుసులు, పెట్టెలు సర్దుకోవడానికే సరిపోయింది. గుట్ట దాకా పోవడానికి వీలుపడలేదు.

నిజానికి గుట్ట క్యాంపుకు అరగంట దూరం.

25 జూలై, ఆదివారం

ఆరాధన అయ్యాక పాదిరి గారిని అడిగి గుడి శిఖరం మీదికి దుర్బీను ఎక్కించాను. వాన వెలిసి గాలి తేటగా ఉంది. జెండా ఉంది. కొత్తగా కనపడింది. మొదటిది చిరిగిందో ఏమో, ఉతికాడో ఏమో. అయిదుసార్లు కోణం తీశాను. అయిదూ కలిశాయి.

దీంతో ఆ జెండా పని అయిపోయింది. దించేయమని కబురు పంపాలి.

8 ఆగస్టు

కబురు పంపలేదు. అటు పోయేవాళ్ళు దొరకలేదు.

మిషన్ దవాఖానకు నిన్న పాపన్నపేట నుంచి ఇద్దరు వచ్చారని నా భార్య మార్తమ్మ చెప్పింది. తను పక్కనే మిషన్ బడిలో పాఠం చెబుతుంది. నేను వాళ్ళను అడగలేదు. కబురు పంపినా అతను దించడు, నేనే పోవాలి. రోడ్డు మీద ఎవరు ఎవరిని ఆపుతున్నారో తెలియడం లేదు. వచ్చే వారం చూడాలి.

14 సెప్టెంబరు

విమానం చప్పుడు. బడి మూశారు. ఆఫీసు తలుపుకు తాళం.

18 సెప్టెంబరు

నిజాం లొంగిపోయాడు, అయిపోయిందని చెప్పుకుంటున్నారు. బజారులో ఒకడు మిఠాయి పంచాడు. సాయిబుల వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. మార్తమ్మ ఆ వీధి పిల్లలు నలుగురిని బడిలో పడుకోబెట్టింది.

10 అక్టోబరు

ఆఫీసు తెరిచారు. పాత సర్కారు కింద పనిచేసిన ప్రతివాడి మీద ఇంక్వైరీ ఉంటుందట. ఎవరితో తిరిగావు, ఎవరికి సాయం చేశావు, డ్యూటీలో రూలు తప్పావా, ఇవన్నీ అడిగే కాగితం. నింపి ఇచ్చాను. రూలు తప్పలేదని రాశాను.

జెండా సంగతి ఎలాగూ ఎవరికీ గుర్తు లేదు. వానలకు పోయి ఉంటుంది.

16 నవంబరు

పోలీసు క్యాంపుకు పిలిచారు. అడిగినదానికి జవాబు చెప్పాను. అబద్ధం చెప్పలేదు.

17 నవంబరు

అబద్ధం చెప్పలేదు.

20 నవంబరు

రాయకపోతే నిద్ర వచ్చేట్టు లేదు. రాస్తాను.

క్యాంపు ఆఫీసరుకు తెలుగు రాదు. హిందూస్తానీలో అడిగాడు. బల్ల మీద నేను కుట్టించిన జెండా. ఎండకు కాస్త వెలిసింది, అంచున నేను వేయించిన కుట్టు అలాగే ఉంది. గుట్ట మీద సంఘం జెండా ఎగురుతున్నదని ఎవరో అర్జీ పెట్టారట. జవాన్లు పోతే వీరయ్య కర్రకు అడ్డం నిలబడ్డాడట. ఇది సర్కారుది, సర్వే సారు వచ్చేదాకా దించొద్దని చెప్పాడట. అందుకని నన్ను పిలిచారు.

వీరయ్య వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మొహం విప్పారింది.

"ఇది మీ డిపార్ట్‌మెంటు జెండాయేనా?" అని ఆఫీసరు అడిగాడు.

"మా డిపార్ట్‌మెంటు జెండా సగం ఎరుపు, సగం తెలుపు ఉంటుంది" అన్నాను.

"మరి ఇది?"

"ఇందులో తెలుపు లేదు."

"ఈ మనిషి తెలుసా?"

"సర్వేలో చాలామంది పల్లెటూరివాళ్ళు వచ్చి నిలబడతారు."

రాసుకున్నాడు. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. పక్కనే దామోదర్ రావు గారు కూర్చొని ఉన్నారు. రూలు తప్పి జెండా కుట్టించానని, అది కాగితం మీద పెట్టలేదని, ఇంక్వైరీ కాగితంలో తప్పలేదని రాశానని ఆయన ముందర చెప్పాలి. ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు. నోటి దాకా వచ్చిందని ఇప్పుడు రాస్తున్నాను గాని, వచ్చిందో లేదో కూడా చెప్పలేను.

'వీరయ్య గుట్ట' అని నా చేత్తో రాసిన మ్యాపు ఆఫీసు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంది.

వీరయ్యకు ఉర్దూ అంతంత మాత్రం. నేను సాక్ష్యం చెప్పి అతన్ని విడిపిస్తున్నాననే అనుకున్నాడు. నేను పక్క నుంచి పోతుంటే దగ్గరికి జరిగి మెల్లగా చెప్పాడు.

"సారు, జెండ నేను దించలే. ఆళ్ళే దించిండ్రు. మీ కొలత ఖరాబైతే తప్పు నా మీద వెట్టకుండ్రి."

నేను తల ఊపాను.

28 నవంబరు, ఆదివారం

గుడికి పోలేదు. శిఖరం ఇంట్లోంచి కూడా కనపడుతుంది. కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాను. జ్వరమా అని మార్తమ్మ అడిగింది. జ్వరమే అన్నాను. ఇది అబద్ధం.

11 డిసెంబరు

బాలనర్సమ్మ వచ్చింది. పాపన్నపేట నుంచి నడిచి వచ్చింది. నీళ్ళు కూడా తాగకుండా మూట విప్పి గుడ్డ తీసింది. నేను ఇచ్చిన రెండో జెండా. మొదటిది చిరగలేదు కాబట్టి ఇది కట్టే పని పడలేదట. జూలైలో కొత్తగా కనపడ్డదేమిటి మరి అని అడిగాను. వాన వెలిసినప్పుడల్లా వీరయ్య దించకుండానే నీళ్ళు చల్లి, గుడ్డతో బురద తుడిచేవాడట.

రెండో జెండాకు సగం తెల్ల గుడ్డ కుట్టి ఉంది.

"సర్కారు జెండల తెలుపుంటదని సర్వే సారు చెప్పిండని పట్వారి అన్నడు. తెలుపు లేకనే పట్టుకపోయిండ్రట గద. గాయన దోతి సగం చింపి కుట్టిన. నాకు కుట్టుడు మంచిగ రాదు. సరిగున్నద సూడుండ్రి సారు."

కొలతకు సరిగ్గా సగం. గీత గీసి కుట్టినట్టు ఉంది.

"సరిగ్గానే ఉంది" అన్నాను.

"ఐతే గిది వట్టుకపోయి సూపెట్టుండ్రి. ఇగ ఇడువమనుండ్రి. గొర్లు నా మాట ఇంటలెవ్వు."

చూస్తానన్నాను. మార్తమ్మ ఆమెకు అన్నం పెట్టింది. ఆమె పోయిన తరువాత గిన్నెలు తీస్తూ అడిగింది.

"ఆమెకు ఏం చెప్పిండ్రు?"

"చూస్తానన్నాను."

"ఏం జూస్తరు? ఆ జెండ ఎవరు కుట్టిచ్చిండ్రో నాకు తెల్వదా? మన కంట్రోలు కార్డు వట్టుకొని పోయి తెల్లది దొరకలేదని నా మీద కోపం జేసిండ్రు గద."

జెండా మడిచి పెట్టెలో పెట్టాను.

"పోయి చెప్పుండ్రి. నౌకరి పోతే పోయింది. నేను బళ్ళె జెప్త, మీరు మిషన్ల లెక్కలు రాయుండ్రి."

22 డిసెంబరు

స్టేట్‌మెంటు రాశాను. జెండా నాదని, తెల్ల గుడ్డ దొరకక అలా కుట్టించానని, వీరయ్య నేను పెట్టిన కావలి మనిషని. మ్యాపు నకలు కూడా తీసి జత చేశాను. రెండు పేజీలు. చదివితే మంచి కాగితమే.

మార్తమ్మకు చూపించాను. రేపు పోతున్నరా అని అడిగింది.

పండగ అయ్యాక ఇస్తాను. ఇంక్వైరీ ఉత్తర్వులు వారంలో వస్తాయని దామోదర్ రావు గారు చెప్పారు. నౌకరి ఖాయమైన మనిషి మాటకు బరువు ఉంటుంది. ఇప్పుడిస్తే ఇద్దరమూ లోపల ఉంటాం. వీరయ్యకు నా వల్ల ఉపయోగం కావాలంటే ముందు నేను బయట ఉండాలి.

25 డిసెంబరు

పండగ. పాటలకు పోయాను. పాడలేదు.

3 జనవరి 1949

ఉత్తర్వులు రాలేదు.

8 జనవరి

రాలేదు. క్యాంపు నుంచి కొందరిని దూరం జైలుకు పంపారని బజారులో విన్నాను. వీరయ్య ఉన్నాడో లేడో తెలియదు. కాగితం డ్రాయరులో ఉంది. తీసి మళ్ళీ చదివాను. ఒక చోట వాక్యం బాగా లేదనిపించి మార్చాను.

14 జనవరి

ఉత్తర్వులు వచ్చాయి. నన్ను ఉంచారు. దామోదర్ రావు గారు చెయ్యి కలిపారు. "రికార్డు క్లీన్, జకరయ్యా" అన్నారు.

17 జనవరి

కాగితం తీసుకొని క్యాంపుకు పోయాను. జైలుకు పోవాలన్నారు. బస్సెక్కి పోయాను. ఇంతకుముందు ఎందుకు పోలేకపోయానో, దారి అంత కష్టమేమీ కాదు.

జైలు గుమాస్తా రిజిస్టరు తిప్పాడు. పేరు రెండుసార్లు అడిగాడు. వేలు ఒక చోట ఆపాడు.

"విరేచనాలు. తొమ్మిదో తారీఖు" అన్నాడు.

ఈ కాగితం ఏం చేయమంటావని అడిగాడు. ఇచ్చాను. ఒక దొంతర మీద పెట్టి రాయి బరువు పెట్టాడు.

రాసిన తారీఖు డిసెంబరు ఇరవై రెండు అని కాగితం మీదే ఉంది. ఇచ్చిన తారీఖు ముద్ర అతను వేశాడు. ఎవరు చూసినా తెలిసిపోతుంది. ఎవరూ చూడరు.

23 జనవరి, ఆదివారం

పాపన్నపేట పోయాను. బాలనర్సమ్మ దొడ్డికి ముళ్ళకంప సర్దుతోంది. సంగతి ఆమెకు ముందే తెలుసు. పట్వారి చెప్పాడట. శవం ఇవ్వలేదు.

"మీరు జెండ సూపెట్టిండ్రా సారు?"

"కాగితం రాసి ఇచ్చాను."

"ఎప్పుడు?"

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎప్పుడు రాశానో, ఎప్పుడు ఇచ్చానో, ఎందుకు ఆగానో. నవంబరులో ఆఫీసరు ముందు ఏం చెప్పానో కూడా. ఆమె కంప చేతిలో పట్టుకొనే విన్నది. తిడుతుందని చూశాను.

"అయ్యో, గట్లనా" అన్నది. కంప కింద పెట్టి, "ఆయన మీరొస్తరనే అన్నడు. జవాన్లు పట్టుకపోతుంటె గూడ నవ్వుకుంటనే పోయిండు. సారొచ్చి చెప్తడు, పొద్దుగూకేవరకు ఇంట్ల ఉంటనన్నడు" అన్నది.

మళ్ళీ కంప సర్దడం మొదలుపెట్టింది. గుట్ట ఎక్కుదామనుకున్నాను గాని ఎక్కలేదు.

2 మార్చి

అబద్ధం చెప్పలేదు. నిజంతోనే ఆ పని చేశాను.

19 డిసెంబరు

చాలా నెలలుగా ఇందులో ఏమీ రాయలేదు.

లైను ప్లాను మారింది. పట్నం నుంచి కొత్త ఇంజనీర్లు వచ్చి చూశారు. మంజీర మీదుగా వద్దట, పొలాలు బురద, స్తంభాలకు పునాది నిలవదు. రైలుకట్ట వెంబడి, చేగుంట వైపు నుంచి తెస్తారు. అక్కడ సామాను దించుకోవడం సులువు.

పాత గీత, పాత స్టేషన్లు ట్రేసింగు మీద నుంచి తీసేయమన్నారు. ట్రేసింగు గుడ్డ మీద ఇంకు తుడిస్తే పోదు. బ్లేడుతో గీకాలి. గీత సాయంత్రానికి పోయింది. 'వీరయ్య గుట్ట' ఆఖరున మిగిలింది. తుడుపుండ్రి సారు అని అతను నవ్వుతూ చెప్పిన రోజు గుర్తొచ్చింది. గీకాను. గుడ్డ చిరగకుండా జాగ్రత్తగానే గీకాను.

ఇప్పుడు ఆ గుట్ట మళ్ళీ ఉత్త గుట్ట.

5 జనవరి 1950

బాలనర్సమ్మ వచ్చింది. ఏడాది తర్వాత. తలుపు దగ్గరే నిలబడింది. మార్తమ్మ లోపలికి పిలిచి పీట వేసింది.

"ఏడాది చేస్తున్నం సారు. మనిషిని సూడకపోతిమి, మట్టి ఎయ్యకపోతిమి. ఆయన బట్ట ఒకటి ముందర వెట్టుకొని చెయ్యాలె. మా ఇంట్ల లేదు. ఉన్నయే రెండు దోతులు. ఒకటి కట్టుకొనే పోయిండు. ఇంకోటి సగం చింపి మీకిస్తి, సగం నేను ముసురుల తల మీదికి కప్పుకుంటె పీలికలైంది. జెండ మీ తాననే ఉన్నద?"

ఉంది. పెట్టెలో అడుగున. మొదట ఆఫీసరుకు చూపడానికని ఉంచాను. తరువాత ఎందుకు ఉంచానో తెలియదు. తెచ్చి ఇచ్చాను.

ఆమె ఒళ్ళో పరుచుకొని చూసింది. కుట్టు మొదలు వెతికి దారం కొరికింది. ఒక్కొక్క పోగు లాగుతూ, గుడ్డ చిరగకుండా, చాలాసేపు విప్పింది. మార్తమ్మ కత్తెర తెస్తే వద్దన్నది. తెలుపు వేరు చేసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. ఎర్ర ముక్క పీట మీద పెట్టింది.

"ఇది కూడా తీసుకో" అన్నాను.

"గది నాకెందుకు సారు. గది మీదే."

గుమ్మం దాటి ఆగింది.

"కర్ర ఇంక గట్లనే ఉన్నది. జవాన్లు గుడ్డ ఒక్కటే పీకిండ్రు. మా మందకాడి పోరగాండ్లను ముట్టనియ్యలే నేను. నిలిపినోళ్ళే దించాలె అంటుండె గద ఆయన."

8 జనవరి, ఆదివారం

పొద్దున్నే బయలుదేరి పాపన్నపేట పోయాను. ఒక్కణ్ణే గుట్ట ఎక్కాను.

కర్ర ఉంది. వేపమండలు లేవు. బండారి కొత్తది, ఈ మధ్యనే ఎవరో పూశారు. చుట్టూ రాళ్ళు బిగించి ఉన్నాయి. నేను పాతినప్పుడు అన్ని రాళ్ళు లేవు. గాలికి ఒరగకుండా అతను పేర్చి ఉంటాడు. ఒక్కొక్క రాయి తీసి కర్ర ఊడబెరకడానికి చాలాసేపు పట్టింది. బొంద పూడ్చాను. కర్ర కిందికి దించి దొడ్డి దగ్గర పెట్టాను. బాలనర్సమ్మ చూసింది.

పైన ఉన్నప్పుడు అలవాటుగా మెదక్ వైపు చూశాను. గుడి శిఖరం దుర్బీను లేకుండానే కనపడుతోంది. జూన్ నుంచి నవంబరు దాకా వీరయ్యకు రోజూ కనపడి ఉంటుంది.